జర్మన్ యుద్ధ పతకాలు, బ్యాడ్జీల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు ప్రపంచ యుద్ధాల నాటి జర్మన్ సైనిక పతకాలు సేకరించాలనుకునే కొత్తవాళ్ళు అడిగే ప్రశ్నలివి. పతకం వెల కంటే అది ఎవరి చేతికి వచ్చింది, ఎందుకు వచ్చింది, ఏ ఏడు వచ్చింది అన్నదే నాకు ముఖ్యం. జవాబులన్నీ ఆ వైపే మొగ్గుతాయి, ముందే చెప్తున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలి?

1914 నాటి రెండో తరగతి ఇనుప శిలువ, అంటే ఐరన్ క్రాస్‌తో. ఇందులో నాకు రెండో మాట లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇది సుమారు 50 లక్షల మందికి ఇచ్చారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది, ధర భయపెట్టదు, నాజీ గుర్తు ఉండదు కాబట్టి చట్టాల టెన్షన్ కూడా లేదు. పైగా పతకం ఎలా తయారవుతుందో చేత్తో పట్టుకుని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప పలక, దాన్ని ముందు నుంచి ఒక సగం వెనక నుంచి ఒక సగం బిగించి అతికిన వెండి ఫ్రేమ్, అంటే మొత్తం మూడు ముక్కలు. ఈ మూడు ముక్కల కట్టుబడి ఒకసారి కంటికి అలవాటైతే నకిలీల్లో సగం అక్కడికక్కడే దొరికిపోతాయి.

దాని మీద 1813 అని ఎందుకు ఉంటుంది? అంత పాతదా?

కాదు. నెపోలియన్ మీద యుద్ధానికి దిగుతూ ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్ 1813లో ఈ పతకాన్ని పెట్టాడు, చనిపోయిన తన భార్య లూయీజ పుట్టినరోజైన మార్చి 10ని దాని స్థాపన తేదీగా వేశాడు. రూపం తీర్చిదిద్దింది కార్ల్ ఫ్రెడరిక్ షింకెల్ అనే వాస్తుశిల్పి. తర్వాత 1870లో, 1914లో, 1939లో యుద్ధం వచ్చిన ప్రతిసారీ దాన్నే తిరిగి మొదలుపెట్టారు. 1914 దానికి ముందు వైపు కిరీటం, కైజర్ (చక్రవర్తి) విల్హెల్మ్ పేరులోని డబ్ల్యూ అక్షరం, కింద 1914 ఉంటాయి. వెనక ఓక్ ఆకులు, పాత రాజు పేరు పొడి అక్షరాలు, 1813 ఉంటాయి. 1939 దానికి ముందు వైపు నాజీ గుర్తు, 1939. వెనక ఉత్త 1813.

రిబ్బన్ కూడా చూడండి. 1914 దానిది నలుపు మీద తెల్ల చారలు. యుద్ధరంగంలో లేనివాళ్ళకి దీన్నే తిరగేసి తెలుపు మీద నల్ల చారలు. 1939 దానికి మధ్యలో వెడల్పాటి ఎరుపు వచ్చింది. పతకం 1914దై రిబ్బన్ 1939దైతే ఎవరో మధ్యలో మార్చారని అర్థం.

మొదటి తరగతి, రెండో తరగతి తేడా ఏంటి?

రెండోది రిబ్బన్‌కి వేలాడుతుంది, మొదటిది వెనక పిన్నుతో నేరుగా ఛాతీకి పెట్టుకునేది. రెండోది వచ్చాకే మొదటిది ఇస్తారు. సైనికుడు రెండో తరగతి శిలువని మామూలు రోజుల్లో వేలాడదీసుకోడు, రిబ్బన్ ముక్క మాత్రం కోటు గుండీ రంధ్రంలో దూర్చుకుంటాడు. అందుకే వందేళ్ళ తర్వాత కూడా కొన్ని కొత్తవాటిలా ఉంటాయి. బాగున్నంత మాత్రాన నకిలీ అనుకోకండి. మొదటి యుద్ధంలో శిలువ తెచ్చుకున్నవాడికి 1939 తర్వాత మళ్లీ అదే గౌరవం దక్కితే ఇంకో శిలువ ఇవ్వలేదు, గద్ద బొమ్మతో 1939 అని ఉన్న చిన్న క్లాస్ప్, అంటే తగిలించుకునే లోహపు బిళ్ళ, ఇచ్చారు. ఒకే మనిషి రెండు యుద్ధాలు చూశాడని ఆ ఒక్క క్లాస్ప్ చెప్తుంది.

మొదటి యుద్ధంలో జర్మనీ అంతటికీ ఒకే పతకాలా?

కాదు, ఈ సేకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. అప్పటి జర్మన్ సామ్రాజ్యం రాజ్యాల కూటమి. ఐరన్ క్రాస్ ప్రష్యాది. బవేరియా, సాక్సనీ, వూర్టెంబర్గ్, బాడెన్ తమ తమ పతకాలు విడిగా ఇచ్చేవి, చిన్న సంస్థానాలకి కూడా సొంత శిలువలు ఉండేవి. హాంబర్గ్, బ్రెమెన్, ల్యూబెక్ నగరాలు ఎర్ర ఎనామెల్‌తో హాన్సియాటిక్ శిలువలు చేయించాయి. మధ్యలో హాంబర్గ్‌కి కోట, బ్రెమెన్‌కి తాళంచెవి, ల్యూబెక్‌కి రెండు తలల గద్ద. ఒక మనిషి నాలుగైదు పతకాలు వరుసగా కుట్టించుకున్న బార్ దొరికితే ఐరన్ క్రాస్ పక్కన ఏ రాజ్యం పతకం ఉందో చూడండి, అతను ఎక్కడివాడో, ఏ దళంలో చేశాడో చాలావరకు అక్కడే తేలిపోతుంది. అలాంటి బార్‌ని విడదీసి ఒక్కొక్కటిగా అమ్మేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధ. ఒక జీవితాన్ని ముక్కలు చేసినట్టే అది.

ప్రష్యా అత్యున్నత సైనిక పతకమైన నీలం రంగు పూర్ లె మెరీట్ గురించి కూడా అడుగుతారు. 1740లో మొదలై 1918లో రాచరికంతో పాటే యుద్ధ పతకంగా ఆగిపోయింది. విమాన యోధుడు మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిష్ట్‌హోఫెన్‌కి 1917 జనవరిలో వచ్చింది ఇదే. మనలాంటి వాళ్ళం మ్యూజియంలో చూసుకోవడమే మంచిది, తక్కువ ధరకి ఎవరైనా ఇస్తానంటే అది అసలుది కాదు.

హిండెన్‌బర్గ్ క్రాస్ అంటే? ఇంత చవకెందుకు?

1934 జూలై 13న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ మొదటి యుద్ధంలో పనిచేసిన వాళ్ళందరి కోసం పెట్టిన గౌరవ శిలువ. పోరాడినవాళ్ళకి కత్తులతో, మిగతా సైనికులకి కత్తులు లేకుండా, చనిపోయినవాళ్ళ భార్యలకి, తల్లిదండ్రులకి నల్లరంగుతో, మొత్తం మూడు రకాలు. దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చేవాళ్ళు. 80 లక్షలకు పైగా ఇచ్చారు, చవక అందుకే.

చవక కదా అని తీసిపారేయకండి. దీంతో పాటు వచ్చిన కాగితం దొరికితే తప్పకుండా తీసుకోండి. హిండెన్‌బర్గ్ 1934 ఆగస్టు 2న చనిపోయాడు, ఆ తర్వాత కాగితాలన్నీ హిట్లర్ పదవి పేరు మీద జారీ అయ్యాయి. మొదటి యుద్ధంలో దాదాపు లక్ష మంది యూదులు జర్మనీ తరఫున పోరాడారు, అందులో 12 వేల మంది చనిపోయారు. బతికున్నవాళ్ళలో ఎంతోమంది ఈ శిలువకి దరఖాస్తు పెట్టుకున్నారు, వాళ్ళకీ ఇచ్చారు. 1935 సెప్టెంబర్‌లో యూదుల పౌరసత్వం తీసేసిన న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చాయి. అంటే దేశానికి సేవ చేశావని ఒక కాగితం ఇచ్చిన ప్రభుత్వమే కొన్ని నెలల తేడాతో నువ్వు ఈ దేశ పౌరుడివే కావంది. 1918లో హిట్లర్‌కి మొదటి తరగతి ఐరన్ క్రాస్ ఇవ్వాలని సిఫారసు చేసిన లెఫ్టినెంట్ హ్యూగో గుట్‌మన్ కూడా యూదుడే, అతనికీ ఐరన్ క్రాస్ ఉంది, చివరికి ప్రాణం కాపాడుకోవడానికి జర్మనీ వదిలి అమెరికా చేరాడు. పేరు, ఊరు, తేదీ ఉన్న హిండెన్‌బర్గ్ కాగితం చేతికొస్తే ఆ పేరుని వెతకండి. నా దృష్టిలో వేల యూరోలు పోసి కొన్న నైట్స్ క్రాస్ (ఐరన్ క్రాస్‌లో పై తరగతి) కంటే పేరు తెలిసిన ఆ కాగితం విలువైనది.

రెండో యుద్ధం బ్యాడ్జీల్లో మామూలుగా కనిపించేవి ఏవి?

గాయాల బ్యాడ్జీ ముందు. ఇది 1918 మార్చిలోనే మొదలైంది. ఒకటి రెండు గాయాలకి నలుపు, మూడు నాలుగుకి వెండి రంగు, అయిదు అంతకు మించితే బంగారు రంగు. మొదటి యుద్ధం దాని మీద హెల్మెట్, అడ్డంగా రెండు కత్తులు. రెండో యుద్ధం దాని హెల్మెట్ మీద నాజీ గుర్తు చేరింది. 1944 జూలై 20న హిట్లర్ మీద బాంబు దాడి జరిగిన గదిలో ఉన్నవాళ్ళ కోసం ఆ తేదీతో ప్రత్యేకంగా చేయించినవి కూడా ఉన్నాయి. అవి చాలా కొద్దిమందికే ఇచ్చారు, మార్కెట్లో మాత్రం కుప్పలుగా దొరుకుతాయి. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంకా ఇన్‌ఫాంట్రీ అసాల్ట్ బ్యాడ్జీ, ట్యాంకు దళం బ్యాడ్జీ ఉన్నాయి, రెండూ 1939 డిసెంబర్‌లో మొదలయ్యాయి. మూడు వేర్వేరు రోజుల్లో దాడిలో పాల్గొంటే ఇచ్చేవాళ్ళు. దగ్గరి పోరాటానికి ఇచ్చే క్లాస్ప్ 1942 నవంబర్‌లో వచ్చింది, 15 రోజులకి కంచు రంగు, 30కి వెండి రంగు, 50కి బంగారు రంగు. బంగారు రంగుది కొత్తవాళ్ళు ముట్టుకోవద్దు, అసలువి చాలా అరుదు.

తూర్పు రంగం పతకం గురించి కాస్త చెప్పాలి. 1941 నవంబర్ 15 నుంచి 1942 ఏప్రిల్ 15 వరకు రష్యా చలికాలంలో పనిచేసినవాళ్ళకి ఇది ఇచ్చారు. సరైన చలిబట్టలు లేక వేళ్ళు, కాళ్ళు పోగొట్టుకున్న సైనికులు దీన్ని గడ్డకట్టిన మాంసం పతకం అని పిలుచుకున్నారు. 30 లక్షల దాకా ఇచ్చారు కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది. ఆ చలికాలమే అదే సైన్యం ముట్టడిలో లెనిన్‌గ్రాడ్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఈ పతకం పక్కన నేను రాసే చీటీలో ఆ రెండు విషయాలూ ఉంటాయి, ఒకటి రాసి రెండోది వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే.

ఈ నాజీ గుర్తు మన స్వస్తికే కదా, ఇంట్లో పెట్టుకుంటే తప్పేంటి?

మన గడప మీద పసుపు కుంకాలతో వేసేది వేరు, నాజీ పార్టీ 1920లో తన జెండాకి ఎత్తుకున్నది వేరు. నాజీ పతకాల మీద అది చాలావరకు ఒక మూల మీద నిలబెట్టినట్టు వాలుగా ఉంటుంది. ఐరోపాలో ఆ గుర్తు చూసినవాళ్ళకి చంపేసిన తాతలు, నానమ్మలు గుర్తొస్తారు. అలమారలో నలుగురికీ కనబడేలా దాన్ని అందంగా అలంకరించడం నాకు ఇష్టం ఉండదు, పెట్టె లోపల, పక్కన వివరాలతో ఉంటే చాలు.

చట్టం విషయానికొస్తే, జర్మనీలో ఈ గుర్తుని బహిరంగంగా చూపించడం నేరం, చదువుకి, పరిశోధనకి, చరిత్ర వివరించడానికి మినహాయింపు ఉంది. అందుకే అక్కడి వేలం కేటలాగుల్లో గుర్తు మీద చిన్న స్టిక్కర్ లాంటిది వేసి ఫోటో పెడతారు, కొనేవాళ్ళ దగ్గర చరిత్ర కోసమే కొంటున్నామని హామీ తీసుకుంటారు. ఆస్ట్రియాలో ఇంకా కఠినం. ఆస్ట్రేలియాలో 2024 జనవరి నుంచి నాజీ గుర్తుల ప్రదర్శన, వ్యాపారం దేశమంతటా నేరం, మతపరమైన వాడకానికి మినహాయింపు ఉంది కాబట్టి అక్కడి తెలుగువాళ్ళు గుమ్మం ముగ్గు గురించి కంగారు పడక్కర్లేదు, కానీ 1939 శిలువ కొనేముందు మాత్రం అక్కడి లాయర్‌ని అడగండి. ఈబే 2001 నుంచే నాజీ గుర్తున్న వస్తువుల్ని నిషేధించింది.

వెనక ఉన్న నంబర్లు ఏంటి?

తయారు చేసినవాళ్ళ గుర్తులు. మొదటి యుద్ధం శిలువకి రింగు మీద చిన్న అక్షరాలుంటాయి, ఎస్-డబ్ల్యూ అంటే బెర్లిన్‌లోని సై అండ్ వాగ్నర్, అలా. రెండో యుద్ధంలో ఇది పద్ధతి ప్రకారం జరిగింది. ప్రభుత్వం నేరుగా ఇవ్వడానికి చేయించిన వాటికి ఉత్త నంబరు: 1 అంటే మ్యూనిక్‌లోని డెష్లర్, 4 అంటే ల్యూడెన్‌షైడ్‌లోని స్టైన్‌హవర్ అండ్ ల్యూక్, 65 అంటే ఇడార్-ఓబెర్‌స్టైన్‌లోని క్లైన్ అండ్ క్వెంజర్. దుకాణంలో సైనికుడు రెండో కాపీ కొనుక్కోవడానికి చేసిన వాటికి ఎల్ అక్షరం, గీత, ఆ తర్వాత నంబరు. ఒకే కంపెనీకి రెండు పద్ధతుల్లో రెండు వేరు నంబర్లు: స్టైన్‌హవర్ అక్కడ 4, ఇక్కడ ఎల్/16.

గుర్తు లేని అసలువి బోలెడు, గుర్తున్న నకిలీలు అంతకంటే ఎక్కువ. గుర్తు చూసి కొనకండి, గుర్తు ఆ కంపెనీ పనితనానికి సరిపోతుందా లేదా చూసి కొనండి.

నకిలీని ఎలా పట్టాలి?

ఐరన్ క్రాస్ అయితే ముందు అంచు చూడండి. ఫ్రేమ్ రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత కనిపించాలి. గీత లేకుండా ఒకే ముద్దగా పోత పోసినట్టుంటే అక్కడితో ఆపేయండి. అయస్కాంతం పెట్టండి, మధ్య పలక ఇనుము కాబట్టి పట్టుకోవాలి. అయితే అసలువాటిలో కూడా కొన్నింటికి ఇనుము కాని పలకలున్నాయి, నకిలీలు చేసేవాళ్ళూ ఇనుమే వాడతారు, కాబట్టి అయస్కాంతం ఒక్కటే సాక్ష్యం కాదు. భూతద్దంతో ఫ్రేమ్ మీద పూసల వరుస చూడండి. అసలుది అచ్చుతో గట్టిగా కొట్టింది కాబట్టి పూసలు విడివిడిగా, పదునుగా ఉంటాయి. పోత పోసిన దానికి పూసలు కరిగినట్టు, మధ్యలో చిన్న బుడగల గుంటలతో ఉంటాయి.

రిబ్బన్‌ని చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు కింద చూస్తారు. యుద్ధం తర్వాతి దారం, తెల్లదనం కోసం కలిపే రసాయనాలు నీలంగా మెరుస్తాయి. కానీ అసలు రిబ్బన్‌ని ఎవరైనా ఈకాలపు సబ్బుపొడితో ఉతికినా మెరుస్తుంది. మెరవకపోతే కొంచెం ధైర్యం, మెరిస్తే అనుమానం, అంతవరకే.

లోహం కూడా కాలాన్ని చెప్తుంది. యుద్ధం మొదట్లో చేసిన బ్యాడ్జీలు టోంబక్ అనే ఇత్తడి రకంతో బరువుగా, పూత బాగా నిలిచేలా ఉంటాయి. యుద్ధం ముదిరి రాగి కరువయ్యాక జింక్‌తో చేశారు, దానిమీద వెండి పూత ఏళ్ళు గడిచేకొద్దీ పోయి బూడిద రంగు తేలుతుంది. 1944 నాటిదని చెప్తూ తళతళ మెరిసే జింక్ బ్యాడ్జీ చూపిస్తే అనుమానించండి.

అన్నిటికంటే కష్టం ఏమిటంటే, యుద్ధకాలంలో పతకాలు చేసిన కొన్ని కంపెనీలే యుద్ధం తర్వాత సేకరించేవాళ్ళ కోసం పాత అచ్చులతో మళ్లీ కొట్టాయి. అచ్చు అసలుదే, వస్తువు కాదు. వీటిని పట్టాలంటే అచ్చులో కాలక్రమేణా వచ్చిన పగుళ్ళ గుర్తుల్ని పోల్చాలి, అది అనుభవజ్ఞుల పని. అందుకే ఖరీదైనవి కొనేముందు రెండు మూడేళ్ళు చవకవి చేతిలో పట్టుకుని చూడండి. తిరిగి తీసుకునే గ్యారంటీ రాసివ్వని వ్యాపారి దగ్గర, ఎంత మంచి కథ చెప్పినా సరే, కొనకండి.

1957 పతకం అంటే నకిలీయేనా?

కాదు. 1957 జూలైలో పశ్చిమ జర్మనీ చట్టం చేసింది: రెండో యుద్ధంలో తెచ్చుకున్న పతకాలు పెట్టుకోవచ్చు, నాజీ గుర్తు మాత్రం ఉండకూడదు. దాంతో ఆ గుర్తు తీసేసి కొత్త రూపంలో చేశారు. ఐరన్ క్రాస్ మధ్యలో దాని బదులు ఓక్ ఆకులు వచ్చాయి. వీటిని 1957వి అనే పిలుస్తారు. తక్కువ ధరలో, చట్టం ఇబ్బంది లేకుండా దొరుకుతాయి, నన్నడిగితే వీటిని సేకరించేవాళ్ళు ఇంకా చాలామంది ఉండాలి. ఓడిపోయిన దేశం తన సైనికులకి ఏం చెప్పుకోవాలో తేల్చుకోలేక పడిన అవస్థ వీటిలో కనిపిస్తుంది.

పేరు దొరికితే మనిషిని ఎలా వెతకాలి?

రెండో యుద్ధం సైనికుల వివరాలకి బెర్లిన్‌లోని జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌కి రాయాలి. సైనికుల రికార్డులు చూసే పాత కార్యాలయం 2019 జనవరిలో అందులో కలిసిపోయింది. మొదటి యుద్ధం అయితే ఏ రాజ్యం సైన్యం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రష్యా సైన్యం రికార్డులు 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద బాంబులు పడ్డప్పుడు చాలావరకు కాలిపోయాయి. బవేరియావి మ్యూనిక్‌లో ఉన్నాయి. నేను బవేరియా పతకాల మీద మనసు పెట్టింది ఈ కారణంతోనే. మొదటి యుద్ధంలో గాయపడినవాళ్ళ, చనిపోయినవాళ్ళ జాబితాలు అప్పట్లో అచ్చయ్యాయి, ఇప్పుడు ఆన్‌లైన్‌లో పేరుతో వెతకొచ్చు. పాత గోతిక్ చేతిరాత చదవడం నేర్చుకోండి, కాస్త ఓపిక పడితే వచ్చేస్తుంది.

మా తాతగారి పెట్టెలో ఒక పతకం దొరికింది, జర్మన్‌దేనా?

తాతగారు బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో చేసి ఉంటే చాలావరకు అది బ్రిటిష్ పతకమే. ఆరు కోణాల పసుపు లోహం నక్షత్రం, మధ్యలో కిరీటం ఉంటే రెండో యుద్ధం క్యాంపెయిన్ స్టార్. ఆఫ్రికా, బర్మా, ఇటలీ అని రాసే ఉంటుంది. భారతీయ సైనికులకి ఇచ్చినవాటి మీద నంబరు, పేరు చెక్కేవాళ్ళు, వెనక చూడండి. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళలో ఇలాంటివి తరతరాలుగా ఉన్నాయి. నల్ల శిలువ, వెండి అంచు అయితే ఉత్తర ఆఫ్రికాలోనో ఇటలీలోనో పట్టుబడిన జర్మన్ సైనికుడి దగ్గర నుంచి వచ్చి ఉండొచ్చు. ఏదైనా సరే, దయచేసి అమ్మకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఆయన గురించి గుర్తున్నదంతా రాసుకోండి.

మన వైపు సంబంధం ఉన్నవి ఇంకేమైనా ఉన్నాయా?

ఎమ్డెన్. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుళ్ళు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ యుద్ధనౌక అది. కోస్తా ఆంధ్ర అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాన్ని దెబ్బకొట్టింది. ఎమ్డెన్‌లో దొరికిన మెక్సికో వెండి డాలర్లకి పైన కిరీటం అతికించి సిడ్నీ నావికులకి పతకాలుగా ఇచ్చారు. ఎమ్డెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్‌కి తర్వాత పూర్ లె మెరీట్ వచ్చింది.

రెండోది సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉండగా 1942లో పెట్టిన ఆజాద్ హింద్ పతకాలు, వీటిని వియన్నాలో చేయించారు. ఇవి యుద్ధం తర్వాత కూడా విపరీతంగా తయారయ్యాయి కాబట్టి వెనక కాగితం లేకుండా కొనడం డబ్బు పారేసుకోవడమే. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో కలిసి జర్మన్ జలాంతర్గామి యు-180 ఎక్కిన ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాదువాడే.

ఎలా శుభ్రం చేయాలి, ఎలా దాచాలి?

శుభ్రం చేయకండి. చింతపండు, నిమ్మకాయ, బ్రాసో ఏవీ వద్దు. వెండి ఫ్రేమ్ నల్లబడితే అలాగే ఉండనివ్వండి, అది వందేళ్ళ వయసు. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం ఊళ్ళలో గాలిలో తేమ వల్ల ఇనుప పలక పూత కింద తుప్పు పట్టి రంగు ఉబ్బుతుంది, కాబట్టి మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, వానాకాలంలో మార్చండి. చవక ప్లాస్టిక్ ఆల్బమ్‌లు వద్దు, అందులోని రసాయనాలు లోహాన్ని పాడుచేస్తాయి. రిబ్బన్‌ని ఎండకి దూరంగా ఉంచండి. చేత్తో పట్టుకుంటే చెమట అంటుతుంది, కాటన్ గ్లవ్స్ వేసుకోండి.

ఎస్ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) వస్తువులు కొనొచ్చా?

నేను కొనను, కొనమని ఎవరికీ చెప్పను. నకిలీలు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది వాటిలోనే, అది ఒక కారణం. అసలు కారణం, వాటి ధర పెంచేది చరిత్ర మీద ఆసక్తి కాదు, ఆ గుర్తు మీద మోజు. నిర్బంధ శిబిరాలకి సంబంధించిన వస్తువు ఏదైనా కంటపడితే కొనకండి, దగ్గరలోని స్మారక మ్యూజియానికి తెలియజేయండి, అవి ఉండాల్సింది అక్కడే.

ఇండియాకి తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, కస్టమ్స్ సుంకం కట్టాల్సి వస్తుంది కాబట్టి బిల్లులో వస్తువు పేరు, అసలు ధర ఉన్నదున్నట్టు రాయించండి. బయటికి పంపేటప్పుడు మాత్రం జాగ్రత్త: 1972 నాటి పురావస్తు చట్టం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువుల ఎగుమతిని అడ్డుకుంటుంది, మొదటి యుద్ధం పతకాలకి ఇప్పుడు ఆ వయసు దాటిపోయింది. కొన్న రసీదు, వచ్చిన కవరు, అమ్మినవాడు రాసిన వివరం అన్నీ పతకంతో పాటే ఒక ఫైల్లో పెట్టండి, మీ తర్వాత ఆ పతకం తీసుకునేవాళ్ళకి ఆ కాగితాలే ఆధారం.